ఇరవయ్యేడో నంబరు హ్యాండిల్

ఆరు నెలలుగా నా తోటికోడలు పాస్ చేసిన ప్రతి సామానునీ నేను దొంగచాటుగా మళ్ళీ పరీక్షిస్తున్నాను. ఫోర్కులు, హ్యాండిళ్ళు, క్రాంకులు, ఇరుసులు, అన్నీ కలిపి నాలుగువందల పైచిలుకు. ఒక్కదాంట్లో ఒక్క తప్పు దొరికినా నా ప్రాణం కుదుటపడేది. దొరకలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి దొరికిందనుకున్నాను.

మాది సైకిళ్ళు అమ్మే కొట్టు కాదు. సైకిలు మనిషిని మోయడానికి పనికొస్తుందో రాదో తేల్చి చెప్పే చోటు. కొండదారి పోటీకి వెళ్ళే ప్రతి సైకిలూ ముందు మా షెడ్డుకి రావాలి. విప్పి, కడిగి, అరిగిందేదో, పగిలిందేదో చూసి, అంతా బాగుంటే మా మామగారు చట్రం అడుగున ఒక చిన్న ఉక్కు ముద్ర ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తారు. ఆ ముద్ర లేని సైకిలుని క్లబ్బు వాళ్ళు పోటీ గీత దగ్గరికి కూడా రానివ్వరు.

నలభై ఏళ్ళుగా ఆ ఉక్కు ముద్ర ఆయన చొక్కా జేబులోనే ఉంది. ఈ మధ్య ఆయన చేతులు వణుకుతున్నాయి, చూపూ ఆనడం లేదు. పోయిన నెల సుత్తి దెబ్బ ముద్ర మీద పడాల్సింది బొటనవేలి మీద పడింది. గోరు నల్లబడ్డాక ఆయనే తేల్చారు, ఇకమీదట ఇద్దరు కోడళ్ళలో ఒకరు ముద్ర వేస్తారని. ఎవరన్నది పోటీకి ముందురోజు, అంటే ఆ శనివారం, సాయంత్రం అయిదింటికి చెబుతానన్నారు.

కొడుకులు ఉండగా కోడళ్ళెందుకంటారా. మా ఆయన చక్రాల వంకర తీస్తాడు, మా మరిది రంగులు వేస్తాడు. ఇద్దరివీ మంచి చేతులే. కానీ వెంట్రుకంత పగులు కోసం గంటసేపు కళ్ళు చిట్లించుకుని కూర్చునే ఓపిక ఇద్దరికీ లేదు. నేను పెళ్ళయి వచ్చిన మూడో రోజే మామగారు నా అరచేతిలో గుప్పెడు బేరింగు గుళ్ళు పోసి, గుంట పడ్డదేదో తియ్యమన్నారు. తీశాను. అప్పటినుంచి పదకొండేళ్ళు ఆ షెడ్డులో నా మాటే మాట. చైను సాగిందా లేదా, బ్రేకు రబ్బరు ఇంకెన్నాళ్ళొస్తుంది, ఏదడిగినా "పెద్దమ్మాయిని అడగండి" అనేవారు ఆయన. అంతకు మించి పొగడ్త ఆయన నోట రాలేదు. ఆయన తత్వమే అంత అనుకుని నేనూ ఆశించలేదు.

ఏడాదిన్నర క్రితం మరిదికి పెళ్ళయింది. సన్నటి మనిషి, నడుస్తుంటే చప్పుడే కాదు. మొదటి నెలంతా నా పక్కన కూర్చుని ఊరికే చూసింది. రెండో నెలలో ఒకరోజు నేను పాస్ చేసి గోడకి ఆనించిన చట్రాన్ని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, ఇది కొంచెం బొంగురుగా పలుకుతోందేం అక్కా అని అడిగింది. నేను జవాబు చెప్పేలోపు మామగారు లేచి వచ్చి తానూ మీటి చూశారు. అతుకు దగ్గర రంగు గీకించారు. రంగు కింద తుప్పు, తుప్పు కింద చీలిక.

"ఈ పిల్ల చెవి బంగారం," అన్నారాయన.

పదకొండేళ్ళలో నా చెవి గురించి గాని, కంటి గురించి గాని, పోనీ ముక్కు గురించి గాని ఆ నోటి నుంచి ఒక్క మాట వినలేదు నేను.

ఆ పూట నాకు భోజనం సయించలేదు. మా ఆయన ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను. తలనొప్పి కాదు, తోటికోడలి నొప్పి అన్నాడు, చేతిలో చక్రం తిప్పుకుంటూ. ఆ మాటకి వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఆ సంగతి ఆయన గమనించినట్టు లేదు.

ఆ తర్వాత కిటికీ పక్క బల్ల తనకిచ్చారు. వెలుతురు అక్కడే బాగుంటుంది, ఇన్నాళ్ళూ అది నాది. నువ్వు చీకట్లోనూ పోల్చగలవులే పెద్దమ్మాయ్ అన్నారు మామగారు. అది పొగడ్తో, పక్కకి జరపడమో తేల్చుకోలేక నేను ఎన్ని రోజులు నలిగానో నాకే తెలుసు. తను నవ్వుతూ నా పెట్టె మోసుకొచ్చి కొత్త బల్ల కింద పెట్టింది. ఆ నవ్వులో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. అదీ కష్టంగానే ఉంది.

అప్పుడు మొదలుపెట్టాను నా రహస్య పరీక్ష.

పగులు మామూలుగా కంటికి కనిపించదు. దానికో పద్ధతుంది. సామానుని పది నిమిషాలు కిరోసిన్‌లో నానబెట్టి, పొడిగుడ్డతో చెమ్మ లేకుండా తుడిచి, పైన సుద్దపొడి చల్లి మరో పది నిమిషాలు ఆగాలి. పగులుంటే లోపలికి దిగిన కిరోసిన్ మెల్లగా పైకి ఊరి, తెల్లటి పొడి మీద నల్లగా ఒక గీత గీస్తుంది. మొత్తం ఇరవై నిమిషాలు. తొందరపడ్డవాళ్ళకి గీత కనిపించదు. పరీక్ష అయ్యాక సైకిలుకి ఒక అట్టముక్క కట్టి, ఏ సామాను ఎన్నింటికి మొదలై ఎన్నింటికి అయిందో రాసి, చూసినవాళ్ళు నీలం సిరాతో వేలిముద్ర వెయ్యాలి. రేపు ఏదైనా విరిగితే ఎవరిని అడగాలో ఆ వేలే చెబుతుంది.

పన్నెండున్నరకి మిగతా అందరూ పెరడు దాటి ఇంట్లోకి భోజనానికి వెళ్ళేవాళ్ళు, ముందే తినేసిన మామగారు ముందు గదిలో కూర్చునేవారు. మీరు కానివ్వండి, నేను వెనక వస్తాననేదాన్ని. వాళ్ళు అటు వెళ్ళగానే నేను కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్ళేదాన్ని. నాది పని మీద శ్రద్ధ అనుకున్నారు పాపం. మా మరిదైతే వదినని చూసి నేర్చుకో అని పెళ్ళానికి చెప్పాడు కూడా.

ఆ శనివారానికి ముప్పై సైకిళ్ళు వచ్చాయి. పదిహేను నావి, పదిహేను తనవి. పొద్దున పదకొండుకల్లా అన్నిటికీ అట్టలు కట్టేశాం. అందరూ భోజనానికి వెళ్ళాక నేను తన వరసలో అట్టలు చదువుకుంటూ వచ్చాను. ఇరవయ్యేడో నంబరు దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి.

హ్యాండిల్: పదీ అయిదు నుంచి పదీ పది.

అయిదు నిమిషాలు. ఇరవై నిమిషాల పని అయిదు నిమిషాల్లో ఎలా అవుతుంది. హ్యాండిల్‌ని బిగించి పట్టుకునే క్లాంపు నుంచి బయటికి తియ్యకుండానే పాస్ చేసి ఉండాలి. హ్యాండిల్ విరిగేది ఎప్పుడూ క్లాంపు కింద దాగిన ఆ రెండంగుళాల దగ్గరే. నా ఒళ్ళంతా వేడెక్కింది. ఆరు నెలలకి దొరికావు అనుకున్నాను.

నాలుగు బోల్టులూ విప్పి హ్యాండిల్ బయటికి లాగాను. కిరోసిన్‌లో ముంచాను, తుడిచాను, సుద్ద చల్లాను. బల్ల మీదికి వంగి ఊపిరి కూడా గట్టిగా వదలకుండా చూశాను. అయిదు నిమిషాలు. ఏడు. పది. సుద్ద తెల్లగా మల్లెపూవులా ఉంది. ఎక్కడా చిన్న మరక లేదు.

పక్క సైకిళ్ళ అట్టలు తిప్పి చూస్తే అప్పుడర్థమైంది. ఇరవయ్యయిదు, ఇరవయ్యారు, ఇరవయ్యేడు, మూడు హ్యాండిళ్ళూ ఒకే తొట్టెలో ఒకేసారి నానబెట్టింది. నానిన సమయం, సుద్ద చల్లి ఆగిన సమయం ఇరవయ్యయిదో నంబరు అట్ట మీద రాసి, మిగతా రెంటి మీద కంటితో చూసిన అయిదేసి నిమిషాలే రాసింది. మూడు కలిపి ఒకేసారి ముంచవచ్చని పదకొండేళ్ళలో నాకు తట్టలేదు. తప్పు దొరకలేదు సరికదా, ఇంకో తెలివి బయటపడింది.

హ్యాండిల్‌ని తిరిగి క్లాంపులో పెట్టి నాలుగు బోల్టులూ వేళ్ళతో తిప్పుతున్నాను. వేళ్ళతో తిప్పాక టిక్కు పానాతో బిగించాలి. మేం దాన్ని అలాగే పిలుస్తాం. బిగువు సరిపోగానే చేతిలో అది టిక్కుమంటుంది. దానికోసం చెయ్యి చాచేలోపే ముందు గదిలోంచి మామగారు పిలిచారు. క్లబ్బు సెక్రటరీ గారు వచ్చారట, ముప్పై సైకిళ్ళ జాబితా పట్టుకురమ్మని. పెరటి తలుపు దగ్గర ఎవరివో అడుగులు వినిపించాయి. తన బల్ల దగ్గర నన్ను చూడకూడదని గబగబా సుద్ద తుడిచి, జాబితా అందుకుని వెళ్ళాను. ఒక్క నిమిషంలో వచ్చి బిగించేద్దామనుకున్నాను.

ముందు గదిలో మామగారు సెక్రటరీ గారికి కథ చెబుతున్నారు. ఏ కథో గుమ్మంలోనే అర్థమైంది. బొంగురుగా పలికిన చట్రం కథ. పాస్ చేసింది ఎవరో చెప్పకుండా చెప్పారు, అది ఆయన మర్యాద. సెక్రటరీ గారు ఆశ్చర్యపోయి, అయితే ముద్ర ఆ అమ్మాయికేనన్నమాట అన్నారు. మామగారు అవుననలేదు, కాదనలేదు. నవ్వారు.

ఆ నవ్వుతో నా తలలోంచి బోల్టులూ పానా అన్నీ ఎగిరిపోయాయి. జాబితా బల్ల మీద పెట్టి బయటికి వచ్చేశాను. నేరుగా నా వరస దగ్గరికి వెళ్ళి, ఉన్న అట్టల్నే తీసి మళ్ళీ కట్టుకుంటూ కూర్చున్నాను. చేతులకి ఏదో ఒక పని ఉండాలి కదా.

రెండూ ముప్పై అయిదుకి నా సైకిలొకటి తుడుస్తుంటే బొటనవేలు క్లాంపు బోల్టు తలకి తగిలింది. ఆ స్పర్శకి చెయ్యి ఆగిపోయింది. మధ్యాహ్నం నాలుగు బోల్టులు తిప్పాను. టిక్ అన్న చప్పుడు వినలేదు. ఒక్కసారి కూడా.

తన వరస దగ్గరికి పరుగెత్తాను. ఇరవయ్యారు ఉంది, ఇరవయ్యెనిమిది ఉంది. మధ్యలో ఖాళీ స్టాండు.

కిటికీ దగ్గర తను చైను సాగుడు చూసుకుంటోంది. ఇరవయ్యేడు ఏదని అడిగితే, పిచ్చుక వచ్చి తీసుకెళ్ళిందని చెప్పింది. క్లబ్బులో అందరూ పిచ్చుక అని పిలిచే ఆ అమ్మాయి పోస్టాఫీసులో పనిచేస్తుంది, కొండ దిగడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. ఒక్కసారి కొండెక్కి దిగి ముద్ర వేళకి తెస్తానందట. అట్ట కట్టి ఉంది కదా అని బావగారే, అంటే మా ఆయనే, ఇచ్చారట. అప్పుడు రెండయిందట.

మా ఆయనా మరిదీ వ్యాను తీసుకుని క్లబ్బు మైదానంలో స్టాండ్లు దించడానికి వెళ్ళారు. అట్టల వివరాలు రాసుకునే పుస్తకంలో పిచ్చుక ఫోను నంబరుంది. చేశాను. మా గోడకి తగిలించిన ఆమె సంచిలోనే మోగింది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆ ఫోను మోగుతున్నంతసేపూ నా తలలో ఇంకో లెక్క నడిచింది. అట్ట మీద ఉన్న వేలిముద్ర నాది కాదు. హ్యాండిల్ జారితే అందరూ అడిగేది తననే. సాయంత్రం అయిదింటికి ముద్ర ఎవరి చేతికొస్తుందో అప్పుడు చెప్పనక్కర్లేదు. ఈ ఆలోచన వచ్చింది. ఆరేడు సార్లు ఫోను మోగేంతసేపు ఉంది. తర్వాత పిచ్చుక మోచేతులు హ్యాండిల్ మీద బరువంతా మోపి వంపు తిరగడం కళ్ళ ముందు కనిపించింది.

"ఇరవయ్యేడు హ్యాండిల్ బిగించలేదు," అన్నాను.

తను చైను వదిలేసి లేచింది. "బిగించానక్కా. చప్పుడు విన్నాను. విన్నాననే అనుకుంటున్నాను. మూడూ వరసగా చేశాను కదా, ఒకటి వదిలేశానా?"

లేదు, నువ్వు వదల్లేదు, నేను విప్పాను. ఈ నాలుగు మాటలూ నా నాలుక చివర ఉన్నాయి. మింగేశాను.

నడవమని మాత్రం అన్నాను. గుమ్మం దగ్గరున్న మామగారి పాత సైకిలు నేను ఎక్కాను. బరువైనది, తొక్కితే మూలుగుతుంది. తను చేతికందిన సైకిలు లాక్కుంది. వీధి దాటి, లారీల మధ్య నుంచి పెద్దరోడ్డు దాటి, మూడు కిలోమీటర్లు. పిచ్చుక బయల్దేరి ముప్పావుగంట కావస్తోంది. పైకి చేరే ఉంటుంది. దిగడమంటూ మొదలైతే పదకొండు మలుపులు, ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ.

ఎక్కేటప్పుడు హ్యాండిల్‌ని వెనక్కి లాగుతారు, బోల్టులు ఎలాగో పట్టుకుంటాయి. దిగేటప్పుడు బరువంతా ముందుకి పడుతుంది. మొదటి గట్టి బ్రేకుకి క్లాంపులో హ్యాండిల్ గిర్రున తిరుగుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, తనకీ తెలుసు.

కొండ మొదట్లోనే తను నన్ను దాటేసింది. ఆ క్షణంలో, ఒక ప్రాణం గాల్లో వేలాడుతున్న ఆ క్షణంలో కూడా, నా మనసులో పుట్టిన మొదటి మాట ఇదీ నాకంటే బాగా చేస్తోందే అని.

రెండో మలుపు దాటేసరికి నా ఊపిరి గొంతులోకి వచ్చింది. మూడో మలుపు దగ్గర దిగిపోయి సైకిలు తోసుకుంటూ నడిచాను. తల ఎత్తి చూస్తే తను ఆరో మలుపు దగ్గర చుక్కలా కనిపించింది. అంతలో ఇంకా పైన ఎర్ర చొక్కా ఒకటి మలుపు తిరిగింది. పిచ్చుక. దిగుతోంది.

తను రెండు చేతులూ ఊపుతూ అరిచింది, ఆగమని. పిచ్చుకకి అది పలకరింపులా కనిపించినట్టుంది. హ్యాండిల్ మీది నుంచి ఒక చెయ్యి తీసి తిరిగి ఊపి, తోటికోడలి పక్క నుంచి దూసుకుపోయింది. అయిదో మలుపు. నాలుగో మలుపు. అక్కడిదాకా మలుపులన్నీ వెడల్పు, గట్టి బ్రేకు వెయ్యనవసరం లేదు. గట్టి బ్రేకు వెయ్యాల్సింది నేను నిలబడ్డ చోట, మూడో మలుపులో. నా వెనకాలే లోయ.

మామగారి సైకిలుని మలుపుకి పైకి తోసుకుంటూ పరుగెత్తి, రోడ్డుకి అడ్డంగా పడేశాను. దాని ముందు నేను నిలబడ్డాను. అక్కడ రోడ్డు తిన్నగా ఉంది, బండ పక్కన మెత్తటి మట్టీ గడ్డీ ఉన్నాయి. బ్రేకు వేస్తే ఇక్కడే వెయ్యాలి.

పిచ్చుక నన్ను చూసింది. బ్రేకు వేసింది. హ్యాండిల్ ఒక్కసారిగా కిందికి తిరిగింది. ఆమె భుజాలు ముందుకి వాలిపోయాయి, చక్రం పక్కకి జారింది, సైకిలూ మనిషీ కలిసి గడ్డిలోకి దొర్లి బండకి జానెడు దూరంలో ఆగారు.

నేను పరుగెత్తి ముందు చూసింది మనిషిని కాదు, క్లాంపుని. నాలుగు బోల్టులూ వేలితో కదిలాయి. ఆ తర్వాతే ఆమె వైపు తిరిగాను. మోచెయ్యీ మోకాలూ చెక్కుకుపోయాయి, హెల్మెట్ పక్కన గీరుకుంది. వేళ్ళన్నీ ఆడించి చూసుకుంది. ఎముకలు విరగలేదు.

తను పై నుంచి వచ్చి సైకిలు వదిలేసి పిచ్చుక పక్కన కూలబడింది. నాదే తప్పు, నాదే తప్పు అంటూ ఆమె మోచేతికి తన చున్నీ చుట్టింది. నేను రోడ్డు మీద నిలబడి ఆ మాట విన్నాను. మూడోసారి అన్నప్పుడు కూడా నోరు విప్పలేదు.

కొండ కింద ఎదురైన క్లబ్బు జీపులో షెడ్డుకి చేరేసరికి నాలుగూ ముప్పావు. మా ఆయనా మరిదీ అప్పటికే వచ్చేశారు. సెక్రటరీ గారు మొహం ముడుచుకుని నిలబడ్డారు. మామగారు కుర్చీలో కూర్చుని, ఇరవయ్యేడో నంబరు అట్టని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. వేలు ఎవరిదని అడిగారు.

తను ముందుకొచ్చింది. "నాదే మామయ్యగారూ. బిగించానని గుర్తు, కానీ బోల్టులు వదులుగానే ఉన్నాయి. ముద్ర నాకొద్దు. మీకు నా మీద మొదటి నుంచీ నమ్మకం లేదని నాకు తెలుసు."

మామగారు అట్ట దించి, నమ్మకం లేదని ఎవరన్నారన్నారు.

"ఎవరూ అనక్కర్లేదు. నేను పాస్ చేసినవన్నీ మీరు మళ్ళీ చూస్తున్నారుగా. ఆరు నెలల నుంచీ. నేను తుడిచి పెట్టిన సామాను భోజనం చేసి వచ్చేసరికి మళ్ళీ కిరోసిన్ వాసన వేస్తుంది, మర చుట్లలో సుద్ద ఉంటుంది. అక్క చూసినవి మాత్రం మీరు ముట్టుకోరు. అక్క వేలు పడితే చాలు, కళ్ళు మూసుకుని ముద్ర వేస్తారు. అది చూసి నాకెంత కుళ్ళుగా ఉండేదో మీకు తెలీదు. ఆవిడని చూస్తేనే ఒళ్ళు మండేది."

చివరి మాట అన్నాక నా వైపు చూసి, తప్పుగా అనుకోకు అక్కా అంది.

నేను గోడకి ఆనుకున్నాను. ఇన్నాళ్ళూ కిటికీ పక్క కూర్చుని తను నన్ను చూసి కుళ్ళుకుందట. నన్ను చూసి.

"నేనేం చూడలేదే," అన్నారు మామగారు. "నా కళ్ళకి సుద్దే కనిపించదు, దాని మీద గీతేం కనిపిస్తుంది. మరెవరు చూశారు?"

ఎవరినీ ఉద్దేశించకుండా అడిగారు. మా ఆయన ఒక్కడే మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు. ఆరు నెలలుగా నా కంచం చల్లారిపోవడం చూసిన మనిషి. ఆయన చెప్పడు. ఎవరూ చెప్పరు. నేను ఊరుకుంటే ఇంకో పావుగంటలో ముద్ర నా చేతిలో ఉంటుంది. తను మాత్రం బతికినంతకాలం ఆ నాలుగు బోల్టుల చప్పుడు విన్నానా లేదా అని తల బాదుకుంటుంది.

"నేను చూశాను," అన్నాను. "ఈ మధ్యాహ్నం ఇరవయ్యేడు విప్పింది నేనే. వేళ్ళతో తిప్పి వదిలేసి మర్చిపోయాను. తను బిగించే ఉంటుంది."

చేతికి కట్టుతో బెంచీ మీద కూర్చున్న పిచ్చుక తలెత్తి నా వైపు చూసింది. తిట్టి ఉంటే తేలికయ్యేది.

మామగారు నన్ను దగ్గరికి రమ్మన్నారు. ఎన్ని సామాన్లు చూశావని అడిగారు. నాలుగువందల పన్నెండు అన్నాను. నాకు లెక్క నోటికొచ్చు. ఎన్నిట్లో తప్పు దొరికిందని అడిగారు.

"ఒక్కదాంట్లో కూడా లేదు."

ఆయన చొక్కా జేబులోంచి ఉక్కు ముద్ర తీసి, చిన్నకోడలి అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"ఎవరికివ్వాలో తేలక నలిగిపోతున్నాను ఇన్నాళ్ళూ," అన్నారు. "ఈ పిల్ల పని మళ్ళీ చూసి చెప్పే కళ్ళు నాకు లేవు. ఇంత ఓర్పుగా నాలుగువందల పన్నెండు చూసి చెప్పావు. పెద్దమ్మాయ్, నీ మాట మీదే ఇస్తున్నాను."

ఎగతాళి లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. తన మీద పెట్టిన నిఘా అంతా చివరికి తనకిచ్చిన యోగ్యతాపత్రమైంది, రాసింది నేను.

సెక్రటరీ గారు గడియారం చూసుకుని, అయితే కానివ్వమ్మా అన్నారు. తను సుత్తి అందుకుని ఒకటో నంబరు దగ్గరికి వెళ్ళింది. ఒకటి నుంచి పదిహేను దాకా నావే. చట్రాన్ని తిరగేసి, ముద్ర ఆనించి, సుత్తి ఎత్తి, దించేసింది.

"అక్కా, నీ పదిహేనూ నేనొకసారి చూస్తాను."

అందరి ముందూ అంది. మరిది ఇబ్బందిగా దగ్గాడు. నా చెవులు కాలిపోయాయి. చూడు అన్నాను. ఇంకేమనగలను. సెక్రటరీ గారు ఏడింటికి వ్యాను పంపుతానని వెళ్ళిపోయారు.

ఒకటి బాగుంది. రెండు బాగుంది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, లోపల మాత్రం ఒక్కో నంబరూ దాటుతుంటే పరీక్ష రాసిన బడిపిల్లలా ఉన్నాను. తొమ్మిదో నంబరు దగ్గర తను వంగి, ఎడమ క్రాంకుని, అంటే పెడల్ బిగించే కమ్మిని, గుడ్డతో తుడిచి, పెడల్ మీద మోకాలితో నొక్కింది. మళ్ళీ తుడిచి, మళ్ళీ నొక్కింది. లేచి పక్కకి జరిగి, నాకు చోటిచ్చింది.

నేను వంగి చూశాను. పెడల్ మర ఎక్కే రంధ్రం అంచున, చీమ కాలంత నల్లగీత.

గురువారం పాస్ చేశాను దాన్ని. అట్ట మీద ఇరవై నిమిషాలు రాసి ఉంది, అబద్ధం కాదు. ఆ ఇరవై నిమిషాలూ క్రాంకు నా ముందే ఉంది. నా కళ్ళు మాత్రం కిటికీ పక్క బల్ల మీద ఉన్నాయి, తను దేన్ని తొందరగా వదిలేస్తుందా అని.

తను అట్ట విప్పి నా చేతికిచ్చింది. నా వేలిముద్రని నేనే చింపాను.

"కిరోసిన్ లేకుండా ఎలా తెలిసింది?" అన్నాను. ఏడాదిన్నరలో తనని పని గురించి అడిగిన మొదటి మాట అదే.

"నొక్కితే పగులు కొంచెం తెరుచుకుంటుందక్కా. లోపల పాత నూనె ఉంటుందిగా, అది పైకొస్తుంది. తుడిచిన చోటే మళ్ళీ నల్లబడితే అనుమానించాలి."

అంత సులువుగా, అర్థమయ్యేలా చెప్పింది. దానికి ఇంకా మండింది.

మిగతా ఆరూ ఇద్దరం కలిసి చూశాం. తను మోకాలితో నొక్కుతుంటే నేను తుడిచాను. పది, పదకొండు, పన్నెండు బాగున్నాయి. పదమూడో నంబరు కుడి క్రాంకు మూలన నల్లటి చెమ్మ మెరిసింది. తను ఇంకా వంగనేలేదు.

"ఇదిగో," అన్నాను వెంటనే.

అది కూడా నేను పాస్ చేసిందే. అయినా సరే, ముందు చూసింది నేను.